ట్రాక్టరు తెలిసిన చేతికి ట్రైలర్ ఎందుకు లొంగలేదు: ఒక రివర్స్ కేసు

నేను టెక్సస్‌లో చాలా ఏళ్లు పెద్ద ట్రక్కులు నడిపాను. ఇప్పుడు వారాంతాల్లో ట్రైలర్ లాగడం, ముఖ్యంగా దాన్ని రివర్స్‌లో పెట్టడం నేర్పుతుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి రెండు మూడు క్లాసులు చాలు. ఈ కేసుకి ఆరు పట్టాయి. అందులో మొదటి రెండు నా తప్పు వల్లే దండగయ్యాయి కాబట్టి రాసి పెడుతున్నాను. ఇందులోని దంపతుల అనుమతి తీసుకున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆయన వయసు నలభై దాటింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, డల్లాస్ చుట్టుపక్కల ఇల్లు, భార్య, హైస్కూల్లో చదివే కొడుకు. సొంతూరు గుంటూరు వైపు. ఇంట్లో ట్రాక్టరు ఉండేది. మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని యార్డుకి వెళ్లే ట్రక్కుని, అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టిని, పదహారో ఏటి నుంచే తానే రివర్స్‌లో పెట్టేవాణ్ణని ఆయన నాతో మాట్లాడిన మొదటిసారే రెండుసార్లు చెప్పారు. నేను దాన్ని గొప్పలు చెప్పుకోవడం అనుకుని పక్కన పెట్టేశాను. కేసు మొత్తానికి అసలైన క్లూ అదేనని తర్వాత తెలిసింది.

కొన్నది 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే లోపలే పడుకుని ఉండగలిగే చక్రాల ఇల్లు. ఎనిమిది అడుగుల వెడల్పు, వెనక జంట ఇరుసులు. లాగేది హాఫ్-టన్ పికప్. రెండూ కలిపితే 45 అడుగులు దాటుతుంది. ఇంత పొడుగు బండిని రోడ్డు మీదికి తీసుకురావడానికి టెక్సస్‌లో మామూలు క్లాస్ సి లైసెన్స్ సరిపోతుంది. బండి, ట్రైలర్ కలిపిన రేటెడ్ బరువు (కంపెనీ నిర్ణయించిన గరిష్ఠ బరువు) 26,001 పౌండ్ల లోపు ఉంటే చాలు. ఆ లైసెన్స్ డ్రైవింగ్ టెస్టులో ట్రైలర్ తోలి చూపించాల్సిన పని లేదు. డీలర్ దగ్గర తగిలించుకుని, హైవే మీద చక్కగా ఇంటికొచ్చేస్తారు. ముందుకు వెళ్లడంలో ఇబ్బందేమీ ఉండదు మరి.

వచ్చిన సమస్య

మొదటి ట్రిప్పు టెక్సస్‌లోనే హిల్ కంట్రీ అనే కొండల ప్రాంతంలోని ఒక పార్కుకి. శుక్రవారం సాయంత్రం, వెలుగు తగ్గుతున్న వేళ. క్యాంప్‌గ్రౌండ్‌లో వన్-వే రోడ్డు, పక్కన వాలుగా వెనక్కి పెట్టాల్సిన సైటు, అంటే ట్రైలర్ నిలుపుకోవడానికి కేటాయించిన జాగా. ఆమె కిందికి దిగి వెనక నిలబడింది. "ఏవండీ, ఇటు, ఇటు కొంచెం" అంటుంటే, "ఎటు? నీ ఎడమా, నా ఎడమా?" అని ఆయన లోపల్నుంచి అరుస్తున్నారు. కొడుకు ఇంకో వైపు నిలబడి ఇంకోటి చెబుతున్నాడు. ఇంతలో పక్క సైట్లవాళ్లు సాయానికొచ్చారు. నలుగురు, నాలుగు దిక్కులు. యాభై నిమిషాల తర్వాత ట్రైలర్ వెనక మూల సైటు నంబరున్న కొయ్యగుంజకి తగిలి, టెయిల్ లైటు పగిలింది. చివరికి ఎవరో పెద్దాయన తాళాలు అడిగి తీసుకుని, నాలుగు నిమిషాల్లో పెట్టేసి వెళ్లిపోయారు.

ఆ నాలుగు నిమిషాలే ఆయన్ని ఎక్కువ బాధపెట్టాయి. తర్వాత ఐదు నెలలు ట్రైలర్ స్టోరేజీలో కదలకుండా ఉంది. అద్దె కడుతున్నారు, లోన్ కడుతున్నారు. నాకు ఫోన్ చేసింది ఆయన కాదు, ఆవిడ.

నా దగ్గరికి రాకముందు చేసినవి

మూడు ప్రయత్నాలు చేశారు. ట్రైలర్ వెనక వైర్‌లెస్ కెమెరా పెట్టించారు. అందులో వెనకాల ఏముందో కనిపిస్తుంది గానీ, బండికీ ట్రైలర్‌కీ మధ్య ఎంత కోణం ఏర్పడిందో కనిపించదు. ఆయన స్క్రీన్ చూస్తూ ఉండగానే ముందు వైపు బండీ ట్రైలరూ ఒకదాని మీదికొకటి మడత పడిపోయేవి.

రెండోది, బండి మార్చాలనే ఆలోచన. ఫోర్డ్ 2016 ఎఫ్-150తో ఒక చిన్న నాబ్ తెచ్చింది. ట్రైలర్ ఎటు వెళ్లాలో అటు దాన్ని తిప్పితే స్టీరింగ్ తనంతట తానే తిరుగుతుంది. అది బాగా పనిచేస్తుంది, నేను కాదనను. కానీ కొత్త పికప్‌ని నాబ్ కోసం మార్చడం ఖర్చుతో కూడిన పని. పైగా సైటు ముందు బండిని సరిగ్గా నిలబెట్టుకోవడం, పైన చెట్టుకొమ్మలు చూసుకోవడం, వెనక నిలబడ్డ మనిషి మాట అర్థం చేసుకోవడం నాబ్ చెయ్యదు. నా దగ్గరికి వచ్చాక ఈ ఆలోచన వద్దన్నాను.

మూడోది అన్నిటికంటే చేటు చేసింది. చిన్నదానితో ప్రాక్టీసు చేసి పెద్దదానికి వెళ్దామని, ఎనిమిదడుగుల సామాన్ల ట్రైలర్ అద్దెకు తెచ్చారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రివర్స్‌లో లెక్క తలకిందులు. పికప్‌కి ట్రైలర్ తగిలించే బాల్ నుంచి ట్రైలర్ ఇరుసు దాకా దూరం ఎంత తక్కువైతే ట్రైలర్ అంత త్వరగా తిరుగుతుంది, అంత త్వరగా చెయ్యి దాటిపోతుంది. ఆ పొట్టి ట్రైలర్ పికప్ వెనక ఉన్నట్టే కనిపించదు. కనిపించేసరికి మడత పడి ఉంటుంది. "చిన్నదే రాకపోతే పెద్దదేం వస్తుంది" అనుకుని ఆయన ఇంకా దిగాలుపడ్డారు.

మొదటి రెండు క్లాసులు

ఖాళీగా ఉండే ఒక పార్కింగ్ స్థలానికి అనుమతి తీసుకుని, కోన్లు పెట్టుకున్నాం. బండి కదలకముందే ఒకటి గమనించాను. ఫ్రిక్షన్ స్వే బార్ తగిలించే ఉంది. హైవే మీద ట్రైలర్ ఊగకుండా పట్టుకునేది అది. పదునుగా రివర్స్ చేస్తే వంగిపోతుంది. వెనక్కి పెట్టేముందు తీసెయ్యాలి. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. తీసి పక్కన పెట్టాం.

తర్వాత అందరికీ చెప్పేదే చెప్పాను. స్టీరింగ్ కింది భాగం పట్టుకోండి, ట్రైలర్ వెనక భాగం ఎటు వెళ్లాలో చెయ్యి అటు జరపండి. కారు తప్ప ఏమీ నడపనివాళ్లకి ఇది మంత్రంలా పనిచేస్తుంది. కారు రివర్స్‌కి అలవాటైన బుర్ర ఎడమకి పోవాలంటే ఎడమకి తిప్పుతుంది, ట్రైలర్ కుడికి పోతుంది. ఆ తిరకాసు కింది నుంచి పట్టుకుంటే పోతుంది.

ఈయన విషయంలో బెడిసికొట్టింది. పైన పట్టుకున్నంతసేపు కనీసం మొదటి తిప్పు సరైన వైపే వేసేవారు. కింద పట్టుకోమనేసరికి అదీ పోయింది. తిప్పడం, ఆగడం, ఆలోచించడం, మళ్లీ ఎదురు తిప్పడం. నేను "అలవాటు కావాలి" అనుకుని రెండో క్లాసంతా అదే చేయించాను. ఆ క్లాసు చివర్లో ట్రైలర్ ఎంత మడత పడిందంటే, ముందు భాగంలో ఉండే గ్యాస్ సిలిండర్ల కవరు బంపర్ మూలకి రెండు వేళ్ల దూరంలో ఆగింది. ఆయన ఇంజన్ ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "అమ్మేస్తానండీ" అన్నారు.

ఆ రాత్రి ఆలోచిస్తే నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఒకటి. నేను కింద పట్టుకోమనేదాకా ఆయన ఏ ప్రయత్నంలోనూ మొదటి తిప్పు తప్పు వైపు వెయ్యలేదు. దిక్కు ఆయనకి తెలుసు. తెలిసిన మనిషికి దిక్కు నేర్పుతూ రెండు క్లాసులు పోగొట్టాను.

డైనింగ్ టేబుల్ దగ్గర

మూడోసారి బండి బయటికి తియ్యలేదు. వాళ్లింట్లో టీ తాగుతూ, "ట్రాక్టరు ట్రక్కు ఎలా పెట్టేవారో ఒకసారి చూపించండి" అన్నాను. మాటల్లో చెబుతారనుకున్నాను. ఆయన కుర్చీలోనే నడుము దాకా వెనక్కి తిరిగారు. ఒక చెయ్యి లేని స్టీరింగ్ మీద ఉంది, కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టు కదులుతోంది. చూపు మాత్రం నేల మీద, కుర్చీకి మూరెడు వెనకాల ఒకే చోట నిలిచింది.

"అక్కడేం చూస్తున్నారు?"

"పిన్నండీ. పిన్ను దగ్గర కోణం కనబడుతుంది కదా."

అదీ సంగతి. ట్రాక్టరు మీద కూర్చున్నవాడికి ట్రక్కు తగిలించిన పిన్ను కళ్లెదురుగా ఉంటుంది. మధ్యలో ఏ అడ్డూ లేదు. వేలెడు కోణం మారినా తెలుస్తుంది. పికప్‌లో హిచ్ బాల్ టెయిల్‌గేటు కింద ఎక్కడో ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తే ట్రైలర్ ముందు గోడ తప్ప మరేం కనిపించదు. ఈయన పాత అలవాటుతో వెనక్కే తిరిగి, ఆ తెల్లగోడను చూస్తూ తోలుతున్నారు. కోణం తెలిసేసరికి ఆలస్యం.

రెండో తేడా ఇంకా ముఖ్యం. ట్రాక్టరు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య సుమారు ఆరడుగులు. ఒకవైపు బ్రేకు తొక్కితే ఉన్నచోటే తిరిగినట్టు తిరుగుతుంది. అందుకే ట్రక్కు ఎంత మడత పడినా, ట్రాక్టరు గబుక్కున దాని ముందుకి చేరి, వెనక్కి వెళ్తూనే సరిచేసేస్తుంది. ఈయన చేతికి అలవాటైంది అదే: ముందు బాగా మడవనివ్వడం, చివర్లో స్టీరింగ్ పూర్తిగా కోసి (ఒక వైపుకి చివరిదాకా తిప్పి) పట్టుకోవడం. పికప్‌కి చక్రాల మధ్య పన్నెండు అడుగులు. పూర్తి చుట్టు తిరగడానికి సుమారు 48 అడుగుల జాగా కావాలి. కోణం ఒక హద్దు దాటాక అది ట్రైలర్‌ని అందుకోలేదు. స్టీరింగ్ పూర్తిగా కోసి వెనక్కి పోయినకొద్దీ ఇంకా మడుస్తుంది.

మూడో తేడా, పొడుగు ట్రైలర్ బద్ధకం. స్టీరింగ్ తిప్పాక మొదటి మూడు నాలుగు అడుగులు ఏమీ జరగనట్టే ఉంటుంది. ట్రాక్టరు చెయ్యి ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోదు. చాల్లేదనుకుని ఇంకాస్త తిప్పుతుంది. తర్వాత రెండు తిప్పులూ కలిసి ఒకేసారి దిగుతాయి.

ఆవిడ అంతా విని, "అంటే ఈయనకి రాక కాదు, ఎక్కువ రావడం వల్లనా?" అన్నారు. ఆయన ఐదు నెలల్లో మొదటిసారి నవ్వారనుకుంటాను.

పనిచేసినవి

ముందు వెనక్కి తిరగడం మాన్పించాను. వీపు సీటుకి ఆనే ఉండాలి, చూపు రెండు అద్దాల్లోనే. పిన్ను బదులుగా చూడటానికి ఒకటి ఇవ్వాలి కదా, అందుకని "అద్దంలో ట్రైలర్ పక్కగోడ ఎంత వెడల్పు కనిపిస్తోంది" అన్నది కొలతగా పెట్టాను. రెండు అద్దాల్లోనూ సమానంగా సన్నటి గీతలా ఉంటే నిటారుగా ఉన్నట్టు. ఎడమ అద్దంలో గోడ పెరుగుతుంటే స్టీరింగ్ ఎడమకి. కుడి అద్దంలో పెరుగుతుంటే కుడికి. గోడ ఏ అద్దంలో పెరిగితే ఆ అద్దం వైపు తిప్పితే కోణం తగ్గుతుంది. "కింద పట్టుకోండి" అనే మాట మళ్లీ ఎత్తలేదు. చేతికి తెలిసినదాన్ని చేతికే వదిలేసి, కంటికి మాత్రం కొత్త పని ఇచ్చాను.

స్టీరింగ్ పైన మధ్యలో పసుపు టేపు ముక్క అంటించాను. నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాక చక్రాలు ఎటున్నాయో చాలామందికి గుర్తుండదు. టేపు పైన ఉంటే చక్రాలు నేరుగా ఉన్నట్టు. తిప్పడం పావు చుట్టుకి మించకూడదు. తిప్పాక, బ్రేకు మీద కాలుంచి, యాక్సిలరేటర్ ముట్టకుండా, ఆ మూడు నాలుగు అడుగులు ఏమీ చెయ్యకుండా ఆగాలి. ఈ ఆగడం నేర్పడానికే క్లాసంతా పట్టింది. ఒక్క మలుపూ లేకుండా, గీత వెంట రెండొందల అడుగులు నేరుగా వెనక్కి పోవడం, అంతే. ఆయనకి బోరు కొట్టింది. మలుపులకి వెళ్దామని రెండుసార్లు అడిగారు. ఒప్పుకోలేదు. మలుపు ఇస్తే పాత చెయ్యి లేస్తుందని నా భయం.

తర్వాతి క్లాసులో మలుపులు మొదలుపెట్టాం, డ్రైవర్ వైపు మాత్రమే. కిటికీలోంచీ అద్దంలోంచీ రెండు విధాలా కనిపిస్తుంది కాబట్టి. సైటు దాటి ముందుకెళ్లి, బండి ముక్కుని సైటుకి దూరంగా కోసి ఆపితే, ట్రైలర్ అప్పటికే కాస్త సైటు వైపు వాలి ఉంటుంది. సగం పని ముందుకెళ్లేటప్పుడే అయిపోతుంది. వెనక్కి వెళ్లడం మొదలుపెట్టాక కష్టపడేవాళ్లలో చాలామంది అసలు పొరపాటు చేసేది ముందుకెళ్లి ఆగే చోట.

ఇక్కడ నేనొక నిబంధన పెట్టాను. బాగానే వెళ్తున్నా సరే, ప్రతి ప్రయత్నంలో ఒక్కసారైనా ఆగి, ముందుకి లాగి, సరిచేసుకుని మళ్లీ వెనక్కి రావాలి. ఎందుకంటే, యార్డులో వెనక పది ట్రాక్టర్లు ఆగి ఉండగా ముందుకి లాగడమంటే పరువు తక్కువ. "వాడికి రాదు" అంటారు. ఆయన మనసులో అది ఓటమి కిందే లెక్క. ముందుకి లాగాల్సిన చోట లాగకుండా మొండిగా వెనక్కే సరిచెయ్యబోవడం అక్కణ్నుంచే వచ్చింది. అవసరం లేనప్పుడు కూడా లాగించాను. ఐదారుసార్లు అయ్యేసరికి అది బ్రేకు తొక్కినంత మామూలు పనైపోయింది. కోణం ముప్పై డిగ్రీలు దాటినట్టు అనిపిస్తే ఆలోచించకుండా లాగెయ్యమన్నాను. నిజానికి ఆ ట్రైలర్‌కి హద్దు ఇంకా పైనే ఉంటుంది. కానీ అంత మడిస్తే ఒక అద్దంలో గోడ తప్ప ఏమీ కనిపించదు, రెండో దాంట్లో ట్రైలరే కనిపించదు.

చివరి రెండు క్లాసులు ఆవిడతో కలిపి. మొదట ఫోన్లో మాట్లాడుకోమన్నాను. కుదరలేదు. ఫోన్ బాగానే ఉంది, మాటలే బాగాలేవు. "కొంచెం ఇటు", "అయ్యో అటు కాదు", "చూసుకోండీ". నిజానికి ఆవిడ స్టీరింగ్ ఎటు తిప్పాలో చెబుతున్నారు. ఆయనేమో ట్రైలర్ ఎటు రావాలో చెబుతోందనుకుంటున్నారు.

నేను ఇంగ్లీషులో చెప్పే సైగల పట్టిక తీస్తుంటే ఆవిడే అన్నారు: "మన లారీ క్లీనర్లు చెప్పినట్టు చెబితే?" అంతకంటే మంచి పద్ధతి నా దగ్గర లేదు. రానీ, రానీ అంటే వస్తూనే ఉండు. హోల్డాన్ అంటే ఆగు. ఇక దిక్కులకి ఎడమ, కుడి లేవు. డ్రైవర్ సైడు, క్లీనర్ సైడు. అదీ ట్రైలర్ తోక ఎటు రావాలన్నదే, స్టీరింగ్ సంగతి కాదు. "తోక క్లీనర్ సైడుకి." దాన్ని స్టీరింగ్‌లోకి మార్చుకోవడం పూర్తిగా ఆయన పని.

రెండు చిక్కులొచ్చాయి. మన దగ్గర డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు, ఇక్కడ ఎడమవైపు. మొదటి గంటలో ఆవిడ నోటికి క్లీనర్ సైడు అంటే ఎడమే వచ్చేది. ట్రైలర్ వెనక రెండు మూలలా పెద్ద అక్షరాల్లో డి, క్లీ అని రాసి అంటించాడు వాళ్లబ్బాయి. ఇక రెండోది "రైట్ రైట్". బస్సు కండక్టర్ అలవాటు. పోనీ అన్న అర్థంలో ఆవిడ అంటే, ఆయన కుడి అనుకుని తిప్పేశారు. ఆ మాట నిషేధించాం.

ఇంకొక్క నియమం: ఆయన అద్దంలో ఆవిడ ముఖం కనిపించకపోతే బండి ఆగిపోవాలి, హోల్డాన్ వినపడినా వినపడకపోయినా. అనుమానం వస్తే ఆయనే దిగి నడిచి చూడాలి. పైన కొమ్మలు కూడా. కొడుకు చెప్పకూడదు, పక్క సైటువాళ్లు చెప్పినా నవ్వి దండం పెట్టాలి. ఒక్క గొంతే.

ఫలితం

ఆరో క్లాసు తర్వాత మూడు వారాలకి వాళ్లు పార్కుకి వెళ్లారు. నేను వెళ్లలేదు, ఆవిడ చెప్పింది రాస్తున్నాను. పన్నెండు నిమిషాలు పట్టింది, మూడుసార్లు ముందుకి లాగారు, ఒకసారి ఆయన దిగి చూశారు. అరుపులు లేవు.

క్లీనర్ సైడు మలుపు మాత్రం కుదరలేదు. ఆరో క్లాసులో పది ప్రయత్నాల్లో మూడే సరిగ్గా పడ్డాయి. ఆ వైపు కిటికీ సాయం ఉండదు, అద్దమే దిక్కు. ఇంకో క్లాసు పెట్టుకుందామంటే ఆయన వద్దన్నారు. డ్రైవర్ సైడు సైట్లు గానీ, ముందు నుంచి వెళ్లి ముందుకే బయటికొచ్చే పుల్-త్రూ సైట్లు గానీ చూసి బుక్ చేసుకుంటామన్నారు. నేను బలవంతపెట్టలేదు. విద్యుత్తు, నీళ్ల కనెక్షన్లు ట్రావెల్ ట్రైలర్లకి ఎక్కువగా డ్రైవర్ వైపే ఉంటాయి, కొన్ని క్యాంప్‌గ్రౌండ్ లూపుల్లో (చుట్టు తిరిగే రోడ్లలో) సైట్లు కూడా ఆ వైపు పెట్టుకునేలానే వాలి ఉంటాయి.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు మొదటి ఫోన్‌లోనే అడుగుతున్నాను: ఇంతకుముందు ఏం తోలారు? ట్రాక్టరు, పడవ ట్రైలర్, ఫోర్క్‌లిఫ్ట్, ఏదైనా. ఏదో ఒకటి తోలినవాళ్లని ముందు ఇంట్లో కుర్చీ మీద చేసి చూపించమంటున్నాను. కళ్లు ఎక్కడ ఆగుతాయో చూస్తాను. కింద పట్టుకునే చిట్కా ఏమీ తోలనివాళ్లకే చెబుతున్నాను. చిన్న ట్రైలర్‌తో మొదలుపెడతామన్నవాళ్లకి వద్దని గట్టిగా చెబుతున్నాను. భార్యాభర్తలైతే మొదటి క్లాసుకే ఇద్దర్నీ రమ్మంటున్నాను, ఐదో దానికి కాదు.

ఒక అనుమానం మాత్రం మిగిలింది. ఆయన పాత అలవాటుని నేను మాన్పించానని అనుకున్నాను. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆయన తండ్రిగారి ట్రాక్టరు ఎక్కారట. అద్దాల కోసం అటూ ఇటూ చూశారట, లేవు. కాసేపు తికమకపడి, ఆ తర్వాత వెనక్కి తిరిగి పిన్ను చూడగానే ట్రక్కు ఒక్క దెబ్బకి గోడవారకి వెళ్లి కూర్చుందని మెసేజ్ పెట్టారు. అంటే పాతది పోలేదు, పక్కకి జరిగి ఉంది. మళ్లీ పికప్ ఎక్కిన మొదటి రోజు జాగ్రత్తగా ఉండమని, సైటుకి వెళ్లేముందు ఎక్కడైనా ఖాళీ జాగాలో రెండొందల అడుగులు నేరుగా వెనక్కి తోలి చూసుకోమని జవాబిచ్చాను. టేపు ఇంకా స్టీరింగ్ మీదే ఉందని చెప్పారు.